గుడ్లు మిగలని పచ్చదనం

తీతువు పిట్ట గూడు వెతికేవాళ్లు చెట్ల వైపు చూసి లాభం లేదు. అది గుడ్లు పెట్టేది నేల మీద. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబయి హైవేకి అటూ ఇటూ మొరం తవ్వి వదిలేసిన గుంతలున్నాయి, ఫ్యాక్టరీ గోడల వెనక బీళ్లున్నాయి, హద్దురాళ్లు పాతాక కూడా అమ్ముడుపోని వెంచర్లున్నాయి. అవన్నీ దానికి పనికొచ్చే చోట్లే. మార్చి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా కాలితో కాసిని గులకరాళ్లు పక్కకు నెట్టి, అరచేతి లోతు కూడా లేని గుంట చేసి, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. నాలుగింటి సన్న మొనలూ లోపలికి తిరిగి ఉంటాయి. మట్టి రంగు పెంకు మీద నల్లటి, గోధుమ రంగు మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా మొరంలో మరో నాలుగు రాళ్లున్నట్టే ఉంటుంది తప్ప గుడ్లని తోచదు.

ఈ మరుగు సుమారు నాలుగు వారాలు నిలబడాలి. ఆ నాలుగు వారాల్లో పగలు కాకి, ముంగిస, ఉడుము తిరుగుతాయి. రాత్రయితే నక్క, జంగపిల్లి. పగలూ రాత్రీ తేడా లేకుండా ఊరకుక్క. వీటిలో ఒక్కటి ఒక్కసారి అటుగా వచ్చి చూస్తే చాలు, నెల రోజుల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. పిల్లలు బయటికొచ్చాక కొంత నయం. తీతువు పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే లేచి నడుస్తాయి, తల్లి అరిస్తే ఉన్నచోటే నేలకు కరుచుకుపోతాయి. ప్రమాదమంతా అంతకు ముందు, గుడ్డుగా ఉన్నప్పుడే.

పక్షులకు సంతానం దక్కకపోవడానికి ఎండావానా, తిండి కరువు, రోగాలు కారణమని అనుకోవడం సహజం. అవీ ఉన్నాయి. కానీ అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ రిక్లెఫ్స్ 1969లో ఎన్నో జాతుల గూళ్ల లెక్కలు ఒకచోట చేర్చి చూస్తే, అన్నిటికంటే పెద్ద కారణం గుడ్లనూ పిల్లలనూ వేరే జంతువులు తినేయడమేనని తేలింది. గూడు ఎక్కడ కట్టాలి, ఎన్ని గుడ్లు పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు మేత తేవాలి అన్న విషయాలన్నిటి మీదా ఈ భయం ముద్ర ఉంది. కోస్టారికాలో దశాబ్దాల పాటు పక్షులను గమనించిన అలెగ్జాండర్ స్కచ్ 1949లోనే ఒక మాట అన్నాడు. గూటికి రాకపోకలు ఎక్కువైన కొద్దీ దొంగకు ఆనవాలు దొరుకుతుంది, అందుకే ఉష్ణమండల పక్షులు తక్కువ పిల్లలతో, తక్కువ రాకపోకలతో సరిపెట్టుకుంటాయని. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి గానీ, గూటి దగ్గర సందడి గూటికి చేటు అన్న సంగతిని మాత్రం తర్వాతి పరిశీలనలు కూడా బలపరిచాయి.

పటాన్‌చెరు అనగానే పాఠకులకు గుర్తొచ్చేది కాలుష్యం. 1970ల నుంచి పెరిగిన పారిశ్రామికవాడలు, నల్లబడిన నక్కవాగు, 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు, ఆ తర్వాత వచ్చిన ఉమ్మడి శుద్ధి కేంద్రం గురించి చాలా రాశారు, రాయాల్సిందే. వాగు సంగతి తెలిసినంతగా ఇక్కడి నేల సంగతి తెలియదు. ఈ నేల రెండు రకాలు, నల్లరేగడి, ఎర్రచెలక. మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు. లక్డారం వైపు వెళ్తే కంకర క్వారీలు, క్రషర్లు, వాటి తెల్లటి దుమ్ము. ఊళ్ల శివార్లలో మొరం కోసం తవ్విన గుంతలకు లెక్కే లేదు. తవ్వడం ఆగిపోయిన చోట రెండు మూడు వానాకాలాలు గడిస్తే గడ్డి వస్తుంది, తర్వాత సర్కారు తుమ్మ వస్తుంది. ఆ పైన ఎవరో వచ్చి మొక్కలు నాటుతారు.

నాటడానికి కారణాలున్నాయి. పర్యావరణ అనుమతి తీసుకునే పరిశ్రమలు చాలాకాలం పాటు మామూలుగా తమ స్థలంలో 33 శాతం పచ్చదనం చూపాల్సి వచ్చింది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలన్న లక్ష్యంతో 2015 జులైలో మొదలైన హరితహారం కింద రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, బీళ్లలో లెక్కకు మించి మొక్కలు పెట్టారు. కానుగ, వేప, గుల్మొహర్, సుబాబుల్, ఈమధ్య మోజుగా వచ్చి పడిన కోనోకార్పస్. దుమ్మును పట్టుకోవడానికి, నీడకు, కంటికి ఇవి మంచివే. గూళ్ల మాటకొస్తే మాత్రం చెట్టు వచ్చిన చోటల్లా పక్షికి మేలే జరుగుతుందని చెప్పడానికి లేదు.

ఈ అనుమానాన్ని మొదట లెక్కలతో బయటపెట్టింది అమెరికాలోని మిషిగన్‌లో జె. ఎడ్వర్డ్ గేట్స్, లెస్లీ గైసెల్ అనే ఇద్దరు. 1978లో వాళ్లు అడవీ పొలమూ కలిసే అంచుల్లో గూళ్లను గమనించారు. అంచు దగ్గర గూళ్లు కిక్కిరిసి ఉన్నాయి. రకరకాల మొక్కలు, పొదలు, కావలసినన్ని పురుగులు ఉన్న చోటు కాబట్టి పక్షులు ఇష్టపడి అక్కడికే వచ్చాయి. ఎగిరిపోయే దాకా బతికిన పిల్లల లెక్క తీస్తే కథ తిరగబడింది. అంచుకు దగ్గరైన కొద్దీ గూళ్లు పోవడం ఎక్కువైంది. పక్షి ఎంపికలో పొరపాటు లేదు. వేల ఏళ్లుగా దట్టమైన పొద అంటే క్షేమం అని నేర్చుకున్న బుద్ధే దానిది. మనిషి గీసిన అంచులో ఆ గుర్తు అలాగే ఉంది, క్షేమం లేదు. శాస్త్రవేత్తలు దీన్ని జీవావరణ ఉచ్చు అంటున్నారు.

1985లో డేవిడ్ విల్‌కోవ్ ఇంకో పద్ధతిలో చూశాడు. చిన్న బుట్టల్లో పూరేడు గుడ్లు పెట్టి, కొన్నిటిని గ్రేట్ స్మోకీ పర్వతాల మహారణ్యంలో, మరికొన్నిటిని ఊళ్ల మధ్య మిగిలిన చిన్న తోపుల్లో ఉంచాడు. మహారణ్యంలో నూటికి రెండు బుట్టలే పోయాయి. నగర శివార్ల తోపుల్లో పోయినవే ఎక్కువ, మిగిలినవి తక్కువ. 1994లో పీటర్ పేటన్ అప్పటిదాకా వచ్చిన ఇలాంటి పరిశీలనలను కలిపి చూసి, అంచు దెబ్బ గట్టిగా తగిలేది 50 మీటర్ల లోపేనని చెప్పాడు.

ఈ 50 మీటర్లను పటాన్‌చెరు లెక్కల్లోకి తెచ్చి చూడండి. వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు ఉన్న ఒక హెక్టారు తోపులో అంచుకు 50 మీటర్ల కంటే దూరంగా ఉండే చోటే లేదు. నాలుగు హెక్టార్ల చదరపు తోటలో లోపలి భాగం ఒక్క హెక్టారు, అంటే పావు వంతు. ప్రహరీ గోడ వెంట మూడు వరసలు నాటి గ్రీన్ బెల్ట్ అని బోర్డు పెట్టిన చోట ఉన్నదంతా అంచే. కాగితం మీద రెండూ 33 శాతమే. ఇవి అమెరికా అడవుల కొలతలు, మన పొదలకూ పిట్టలకూ అచ్చంగా అతకవు. ఉష్ణమండల దేశాల్లో చేసిన పరిశీలనల ఫలితాలు కూడా ఇంత సూటిగా రాలేదు. అయినా మొక్కల సంఖ్య చూసి మురిసేవాళ్లు తోట ఆకారం గురించి ఒక్కసారైనా అడగాలి.

అంచులో దొంగలకు కలిసొచ్చేదేమిటో తెలియాలంటే జెముడు కాకిని కాసేపు చూడాలి. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు, పొడవాటి తోక. పేరులో కాకి ఉన్నా ఇది కోకిల కులానికి చెందిన పక్షి. ఎగరడం దానికి పెద్దగా చేతకాదు, ఆ అవసరమూ తక్కువే. కంచె వెంట పెంచిన పొదల వరసలోకి ఒక కొసన దూరుతుంది. కొమ్మ కొమ్మకూ పాకుతూ, ఆగి ఆకుల సందుల్లోకి తల వంచి చూస్తూ, నేల మీదికి దిగి నత్తనో తొండనో పట్టి మింగి, మళ్లీ పైకెక్కుతుంది. బుల్‌బుల్ జంట దాని వెనక గోల పెడుతూ తిరుగుతుంటుంది. అది పట్టించుకోదు. పావుగంటకు వరస రెండో కొసన బయటికొస్తుంది. మధ్యలో గుడ్లు, పిల్లలు ఉన్న గూళ్లుంటే అది కూడా తిండే. అడవిలో అయితే అది నాలుగు దిక్కులా వెతకాలి. మనం వరసగా నాటి కత్తిరించి పెంచిన కంచెలో ఒక్క దారి వెంట పోతే చాలు.

నేల మీద గుడ్లు పెట్టేవాటి కష్టం వేరు. తీతువుకు కనుచూపు మేర ఖాళీ కావాలి. దూరాన కాకి కనిపించగానే గుడ్ల మీది నుంచి చప్పుడు చేయకుండా లేచి, కొంత దూరం వంగి నడిచి, అక్కడి నుంచి అరుస్తూ లేస్తుంది. అది లేచిన చోట వెతికితే ఏమీ దొరకదు. ఈ ఎత్తు పారాలంటే శత్రువు దాన్ని చూడకముందే అది శత్రువును చూడాలి. బీడు మధ్యలో పదిహేను అడుగుల సుబాబుల్ లేస్తే కాకికి మంచె దొరికినట్టే. కొమ్మ మీద కదలకుండా కూర్చుని తీతువు ఎక్కడి నుంచి లేచిందో, తిరిగి ఎక్కడ కూర్చుందో చూసుకుంటుంది. యూరప్‌లో దీని చుట్టమైన మరో తీతువు పొలాల్లో చెట్లకు దూరంగా గుడ్లు పెట్టుకుంటుందని అక్కడి పరిశోధకులు గమనించారు. ఇక్కడి బీళ్లలో కౌజు పిట్టలు, పూరేళ్లు, భరత పక్షులు, కళ్ల ముందు పసుపు తోలు వేలాడే ఇంకో తీతువు, ఇవన్నీ నేలను నమ్ముకున్నవే. బంజరు అని రాసిపెట్టిన భూమి వీటికి ఇల్లు. అందులో అడుగుకో గుంత తవ్వి మొక్క పెట్టడం వీటిని ఖాళీ చేయించడమే అవుతుంది.

దొంగల సంఖ్య కూడా మన చేతిలోనే పెరుగుతోంది. హోటళ్ల ఎంగిలి, చికెన్ దుకాణాల వ్యర్థాలు, లేబర్ కాలనీల చెత్త కుప్పలు కాకులనూ కుక్కలనూ పందికొక్కులనూ ఏడాది పొడుగునా పోషిస్తాయి. గుడ్లు దొరకని కాలంలో ఆకలితో తగ్గిపోవాల్సిన గుంపు తగ్గదు. గుడ్లు పెట్టే కాలం రాగానే అదే గుంపు పక్కనున్న పొదల మీద పడుతుంది. పెద్ద వేట జంతువులు లేకపోవడం ఇంకొకటి. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో చుట్టుపక్కల లోయల్లో కెవిన్ క్రూక్స్, మైకేల్ సూలే 1999లో దీన్ని చూపించారు. కాయోటీ అనే తోడేలు జాతి జంతువు కనిపించకుండా పోయిన లోయల్లో పిల్లుల వంటి చిన్న వేటగాళ్లు పెరిగాయి, పొదల పిట్టలు తగ్గాయి. పెద్ద దొర పోతే చిన్న దొరల రాజ్యం నడిచినట్టు.

గూటి దొంగతనం మన కథలకు కొత్తదేమీ కాదు. పంచతంత్రం మిత్రభేదంలో కాకి పిల్లలను పాము తినేస్తుంది. వాన కురుస్తుంటే బుద్ధి చెప్పబోయిన పిట్ట గూడును కోతి పీకి పారేస్తుంది. టిట్టిభం గుడ్లను సముద్రం ఎత్తుకుపోతే తగవు గరుత్మంతుడి దాకా వెళ్తుంది. ఆ టిట్టిభం మన తీతువే. దొంగల జాబితా ఇప్పటికీ దాదాపు అదే. కాకపోతే కథల్లో కాకి బాధితురాలు, పొలం గట్టున అదే ముద్దాయి. కోతి సంగతి తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పండ్లు లేని చెట్లే మిగిలిన అడవుల నుంచి ఊళ్ల మీద పడ్డ కోతుల గుంపు మొక్కజొన్న చేనుతో పాటు దారిలో కనిపించిన గూళ్లనూ వదలదు.

అసలు దొంగ ఎవరో తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. చాలాకాలం పరిశోధకులు గూడు పోయిన తీరు చూసి చెప్పేవాళ్లు. చెదిరి చిరిగిపోతే జంతువు, పెంకు మిగిలితే పక్షి, చెక్కుచెదరకుండా ఖాళీ అయితే పాము అని. మైనంతోనో మట్టితోనో చేసిన గుడ్లు పెట్టి వాటి మీద ముక్కు గాట్లు, పంటి గాట్లు వెతికేవాళ్లు. అందులోనూ చిక్కులున్నాయి. పూరేడు గుడ్డు పెంకు గట్టిది, చిట్టెలుక నోటికి పట్టదు. మైనం గుడ్డు జోలికి పాము రాదు. తల్లిదండ్రులు లేని గూట్లో రాకపోకల అలికిడే ఉండదు కాబట్టి, ఆ అలికిడి వెంట వచ్చే దొంగలు ఆ లెక్కలో పడరు. గూళ్ల దగ్గర చిన్న కెమెరాలు పెట్టడం మొదలయ్యాక పాత తీర్పులు చాలా తప్పాయి. పొదల ప్రాంతాల్లో పాముల వాటా అనుకున్నదాని కంటే చాలా ఎక్కువని తేలింది. 2000లో నార్త్ డకోటా గడ్డి మైదానాల నుంచి వచ్చిన వీడియోల్లో అయితే జింకలు గూట్లోని పిల్లలను నమిలి మింగుతూ దొరికిపోయాయి.

లెక్కపెట్టే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. పది గూళ్లు చూశాం, ఆరింట్లో పిల్లలు ఎగిరిపోయాయి, కాబట్టి అరవై శాతం విజయం అని రాసేస్తే తప్పు. గుడ్లు పెట్టిన రెండో రోజే పోయిన గూళ్లు మన కంటపడవు. చాలా రోజులు బతికిన గూళ్లే దొరుకుతాయి, అందుకే లెక్క ఎప్పుడూ నిజం కంటే బాగా కనిపిస్తుంది. కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే అరుదైన పిట్ట గూళ్లను పరిశీలించిన హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో దీనికి ఉపాయం చెప్పాడు. గూళ్లను కాకుండా గూళ్లు మన కళ్ల ముందు గడిపిన రోజులను లెక్కపెట్టి, ఒక్కో రోజు గూడు బతికే అవకాశం ఎంతో కట్టాలి. బుల్‌బుల్‌కు గుడ్లు పెట్టింది మొదలు పిల్లలు ఎగిరే దాకా దాదాపు 25 రోజులు అనుకుందాం. రోజుకు నూటికి 98 గూళ్లు నిలిచే చోట 25 రోజుల తర్వాత అరవై మిగులుతాయి. నూటికి 96 నిలిచే చోట ముప్పై ఆరే. రోజుకు రెండు గూళ్ల తేడా కంటికి ఆనదు, నెల తిరిగేసరికి ఒక పిట్ట జాతి ఆ చోట నిలుస్తుందా లేదా అన్నది తేల్చేస్తుంది.

ఇంత దొంగల రాజ్యంలోనూ పిట్టలు బతుకుతున్నాయంటే వాటికీ ఎత్తులున్నాయి. గిజిగాడు ఈత చెట్టు మట్టల కొసలకో, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మకో గూడు వేలాడదీస్తుంది, కింద నీళ్లు, పైన ముళ్లు, లోపలికి పోవడానికి కింది నుంచి పొడవాటి గొట్టం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లో గిజిగాడి సంసారం గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. మగపిట్ట సగం కట్టిన గూళ్లను ఆడపిట్టలు వచ్చి పరీక్షించి నచ్చితేనే కాపురానికి దిగుతాయని ఆయన ఎంతో ఓపికగా చూసి చెప్పాడు. పసులపోలిగాడిది మరో దారి. కరెంటు తీగల మీద, పశువుల వీపుల మీద కూర్చుని కనిపించే ఈ నల్లటి చీలిక తోక పిట్ట గూటి దరిదాపుల్లోకి కాకి వచ్చినా గద్ద వచ్చినా వెంటబడి పొడిచి తరుముతుంది. ఆ ధైర్యం చూసుకుని గువ్వలు, వంగపండు పిట్టలు అదే చెట్టు మీద గూళ్లు కట్టుకుంటాయి, అద్దె లేని కాపలా.

సంగారెడ్డి పక్కనే మంజీరాలో నీళ్లే కాపలా. సింగూరు డ్యాంకు దిగువన, హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఆనకట్ట వెనక ఉన్న జలభాగాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 20 చదరపు కిలోమీటర్లు. అందులోని చిన్న లంకల మీద నల్లతుమ్మ చెట్లలో ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా గూళ్లు పెడతాయి. చుట్టూ నీళ్లు, నీళ్లలో మొసళ్లు. ముంగిసకు, పిల్లికి, కుక్కకు దాటే ధైర్యం ఉండదు. ఫ్లోరిడాలో ఇలాంటి సంబంధాన్నే పరిశోధకులు పరీక్షించి చూశారు. ఎలిగేటర్లున్న చోట కొంగ జాతులు గూళ్లు పెట్టడానికి ఇష్టపడతాయి, ఎందుకంటే చెట్లెక్కి గుడ్లు తినే రకూన్‌లు అక్కడికి రావు. పైనుంచి జారిపడ్డ పిల్లలు ఎలిగేటర్లకు మేత. గూళ్ల కాలనీల దగ్గరున్న ఎలిగేటర్లు మిగతావాటి కంటే ఒళ్లు చేసి ఉన్నాయని 2016లో తూకం వేసి మరీ చెప్పారు. మంజీరా కాపలా నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. 2015-16 కరువులో సింగూరు, మంజీరా రెండూ అడుగంటాయి. నీళ్లు పోతే లంక ఒడ్డులో కలిసిపోతుంది, ఒడ్డున తిరిగేవన్నీ నడిచి లోపలికి పోగలవు.

తొర్రలో గూడు పెట్టే పిట్టలకు బయట కొమ్మల మీది వాటికంటే నష్టం తక్కువ. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఆ కోవలోదే. ఎండిన తాటి మోడులోనో, ముసలి చెట్టు తొర్రలోనో గుడ్లు పెడుతుంది. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన బొర్రెలు మైనాలకు, చిలుకలకు ఇళ్లవుతాయి. హరితవనంలో పదేళ్ల కానుగకు తొర్ర ఎక్కడిది? మోడు కనిపిస్తే అందంగా లేదని, మీద పడుతుందని కొట్టేస్తారు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా బయల్దేరుతుంది, దాని ఇల్లు మాత్రం కట్టెల లోడులో కలిసి వెళ్లిపోతుంది.

క్వారీ గోడల కథ ఇంకాస్త విచిత్రం. రాయి తీశాక నిలువుగా మిగిలే గోడ చూడ్డానికి గాయంలా ఉంటుంది. చెవుల దగ్గర ఈకలు కొమ్ముల్లా నిక్కబొడుచుకునే పెద్ద గుడ్లగూబకు అలాంటి గోడల్లోని అరలే కావాలి. పుల్లలూ ఈకలూ ఏమీ లేకుండా వట్టి మట్టి మీద రెండో మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. పాడుబడిన క్వారీల్లో, వాగు ఒడ్డు కోతల్లో ఇవి స్థిరపడడాన్ని మహారాష్ట్రలో బాగానే గమనించారు. ఎలుకలు, పందికొక్కులు దాని ప్రధాన ఆహారం, అంటే చుట్టుపక్కల రైతుకు ఉచిత సేవ. మొరం గుంతల నిట్రపు గోడల్లో పసిరిక పిట్టలు అడుగు పైన పొడవైన సొరంగాలు తవ్వి గూళ్లు చేసుకుంటాయి. గుంత పూడ్చి, గోడను వాలు చేసి, పైన మొక్కలు నాటితే పునరుద్ధరణ అయిందని ఫోటో తీసుకోవచ్చు. మనుషులూ పశువులూ పడి చనిపోయే నీటి గుంతలను అలా సరిచేయక తప్పదు కూడా. నీళ్లు లేని పాత క్వారీ గోడలన్నిటికీ అదే మందు వేయడం మాత్రం అనవసరం. కంచె వేసి ఒక పక్క గోడను వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది, గుడ్లగూబ మిగులుతుంది.

నిజమైన గని భూములు చూడాలంటే గోదావరి లోయకు వెళ్లాలి. సింగరేణి ఓపెన్ కాస్టుల పక్కన బొగ్గు మీది నుంచి తీసి పోసిన ఓబీ డంపులు కొండలంత ఎత్తు పెరిగాయి, వాటి మీద టేకు, వెదురు, జామాయిల్ వంటివి పెంచుతున్నారు. ఆ కొత్త కొండలకూ పాత అడవికీ మధ్య ఏర్పడే గీత పైన చెప్పుకున్న అంచే. అమెరికాలో 1977 నాటి చట్టం ప్రకారం బొగ్గు తవ్వేసిన నేలను మళ్లీ కప్పి ఏదో ఒకటి పెంచాలి. కోత ఆపడానికి చాలాచోట్ల గడ్డి చల్లారు. ఇండియానా, కెంటకీ రాష్ట్రాల్లో ఆ గడ్డి మీద ఎవరూ ఊహించని విధంగా హెన్‌స్లో పిచ్చుక వంటి అరుదైన గడ్డి పిట్టలు చేరాయి. అక్కడి పరిశోధకులు పక్షుల సంఖ్య చూసి సంబరపడి ఊరుకోలేదు, ఆ గడ్డిలో గూళ్లు నిలుస్తున్నాయా లేదా అని వెతుక్కుంటూ వెళ్లారు. మన దగ్గర 2020 జనవరిలో సుప్రీంకోర్టు గని తవ్వకం పూర్తయిన చోట మళ్లీ గడ్డి పెంచడాన్ని లీజు షరతుల్లో చేర్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. పశుగ్రాసం, మొక్కలు, జంతువులు అందులో ప్రస్తావించిన ప్రయోజనాలు. చెట్లు అని కాకుండా గడ్డి అనడం నేల పిట్టల వైపు నుంచి చూస్తే మంచి మాట.

దొంగలను కాల్చడమో పట్టుకుపోవడమో దారి కాదు. ఉడుముకూ ముంగిసకూ బతికే హక్కుంది, రెండూ చట్టం రక్షణలో ఉన్న జంతువులే. దొంగ ఉన్నాడన్న భయమే పిట్టల సంతానాన్ని తగ్గిస్తుందని కూడా తెలుసుకోవాలి. 2011లో కెనడాలో లియానా జానెట్ బృందం పాట పిచ్చుకల గూళ్లకు వలలు, కరెంటు కంచెలు కట్టి దొంగలెవరూ రాకుండా చేసి, స్పీకర్లలో వేట జంతువుల అరుపులు మాత్రం వినిపించింది. ఆ అరుపులు విన్న జంటలకు మిగతావాటి కంటే 40 శాతం తక్కువ పిల్లలు మిగిలాయి. తక్కువ గుడ్లు పెట్టాయి, తక్కువసార్లు మేత తెచ్చాయి. అందుకని దొంగల గుంపును పోషించే చెత్త కుప్పను ఎత్తేసి, ఆ భయాన్నీ తగ్గించడం బోనుల కంటే మేలైన దారి.

పటాన్‌చెరులోనే ఎలాంటి చోట గూళ్లు నిలుస్తాయో పరీక్షించడానికి అనువైన చోట్లున్నాయి. 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణం దాదాపు 1,400 హెక్టార్లు, నల్లరేగడి, ఎర్రచెలక, చెరువులు, బీడు, తోపు అన్నీ ఒకే కంచెలో. అక్కడ పక్షి పరిశీలకులు రెండు వందలకు పైగా జాతులను నమోదు చేశారు. కొద్ది దూరంలోనే అమీన్‌పూర్ పెద్ద చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. నగర పరిధిలోని జలాశయానికి ఆ హోదా రావడం దేశంలో అదే మొదటిసారి. దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్న తీరు చూస్తే అంచుల పాఠం చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

పనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బీడు మధ్యలో ఒక గుర్తు పెట్టుకున్న ముక్క, ప్రహరీ వెంట నాటిన ఒక వరస, పాత తోపు లోపల ఇంకో ముక్క చాలు. మూడు నాలుగు రోజులకోసారి చూసి, గూడు ఏ రోజు దాకా నిలిచిందో మేఫీల్డ్ పద్ధతిలో రాసుకోవాలి. చూసే తీరులో జాగ్రత్తలున్నాయి. గూటి దాకా వెళ్లి వచ్చిన దారినే తిరిగొస్తే ఆ కాలిబాట నేరుగా గూటి దగ్గర ఆగిపోతుంది, వాసన పట్టే జంతువుకు అది దారి చూపిస్తుంది. కాబట్టి గూడు పక్క నుంచి ఆగకుండా ముందుకు సాగిపోవాలి. కొమ్మకు రిబ్బన్ కట్టకూడదు, గుర్తు నాలుగు గజాల అవతల పెట్టుకోవాలి. తల్లి పొదుగుతుంటే లేపకుండా బైనాక్యులర్‌తోనే చూడాలి. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా కంచెలు కత్తిరించే పని, గడ్డి తగలబెట్టే పని, మోడులు కొట్టే పని ఆపించగలిగితే లెక్క ఇంకా శుభ్రంగా వస్తుంది. కాకి ఎక్కడో కూర్చుని చూస్తున్నట్టనిపిస్తే ఆ పూటకు గూటి వైపు వెళ్లకుండా, కాగితం మీద ఆ తేదీ గడిలో అడ్డగీత పెట్టేసి తర్వాతి గూటికి పోవాలి.